ఓటరు తీర్పు : నీలం సంజీవరెడ్డి

అది 1952వ సంవత్సరం. స్వతంత్ర భారతదేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరుగుతున్నాయి. అనంతపురం శాసనసభా స్థానంలో తలపడినవారు స్వయానా బావాబావమరుదులు. ఒకరు ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షులు నీలం సంజీవరెడ్డి. మరొకరు ఆయన సతీమణి నాగరత్నమ్మ సోదరులు, కమ్యూనిస్టు నాయకులు తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసినవారు. ఊరూరా తిరిగి ఉపన్యసించగల అవకాశం కలవారు. నాగిరెడ్డి కారాగారంలో ఉన్నారు. అయినప్పటికీ ప్రజలు నాగిరెడ్డినే గెలిపించారు. భూస్వామ్య కుటుంబంలో పుట్టి కూలీల పక్షాన నిలిచిన ఆయన జీవితమే ఆయన తరఫున ప్రచారం చేసింది. కరవుసీమ ఓటరుకు వాగ్దానాలు కొత్త కాదు. తన కష్టంలో తోడు నిలిచినదెవరన్నదే అతనికి ముఖ్యం.

ఓడిన సంజీవరెడ్డి కూడా త్యాగమెరుగని వ్యక్తి కారు. 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో జన్మించిన ఆయన, 1929లో గాంధీజీ అనంతపురం పర్యటనతో ప్రభావితులై, 1931లో కళాశాల చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. 1940-45 మధ్య అధిక కాలం కారాగారంలోనే గడిపారు. కాని ఓటరు నిన్నటి త్యాగంతో తృప్తిపడడు. నేటి నడవడిని కూడా చూస్తాడు.

పరాజయం ఆయనను కుంగదీయలేదు. రాజ్యసభ సభ్యులుగా, ఆంధ్రరాష్ట్ర ఉపముఖ్యమంత్రిగా పనిచేసి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1960లో అఖిల భారత కాంగ్రెసు అధ్యక్ష పదవి చేపట్టి, 1962లో తిరిగి ముఖ్యమంత్రి పీఠమెక్కారు.

ఆ రెండవ పర్యాయంలోనే ఆయనకు కఠిన పరీక్ష ఎదురయింది. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల మార్గాలను ప్రభుత్వపరం చేయ సంకల్పించగా, రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఆ ప్రాంతాన్ని ఎంచుకొన్నారని బస్సుల యజమానులు ఆరోపించారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. నిందకు సమాధానం చెప్పవలసిన చోట మౌనం వహించడం ఆయన చేసిన పెద్ద పొరపాటు. 1964లో న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టివేసింది. పదవి విడిచిపెట్టమని తీర్పులో ఎక్కడా లేదు. శాసనసభలో ఆధిక్యానికీ కొదువ లేదు. ఐనను సంజీవరెడ్డి రాజీనామా చేశారు. రాజీనామాతో పొరపాటు మాసిపోదు. కాని కుర్చీని అంటిపెట్టుకొని సాకులు వెదికే వారిని చూచిన ప్రజలకు ఆ తేడా తెలియకపోదు.

1967లో లోక్‌సభకు ఆయనను పంపినది హిందూపురం నియోజకవర్గం. తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే అగళి, మడకశిర వంటి సరిహద్దు ఊళ్ల సీమ అది. వాన కోసం ఆకాశం వైపు చూసే వేరుశనగ రైతుల నేల. గెలిచిన వెంటనే ఆయన లోక్‌సభ సభాపతిగా ఎన్నికయ్యారు. సభాపతి నిష్పక్షపాతంగా ఉండాలని చెప్పిన వారెందరో ఉన్నారు. ఆయన మాత్రం సభాపతి కాగానే పార్టీ సభ్యత్వానికే రాజీనామా చేశారు. అంతకు పూర్వం ఏ సభాపతీ ఆ పని చేయలేదు.

1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. తరువాత అనంతపురం చేరి వ్యవసాయంలో నిమగ్నులయ్యారు. 1977లో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాల నుండి పోటీచేశారు. నంద్యాల నాడు కర్నూలు జిల్లాలోనిదే. ఏ జిల్లా బస్సుల వ్యవహారం ఆయన పదవిని హరించిందో, ఆ జిల్లా ప్రజలే ఆయనను గెలిపించారు. రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెసు వశమైన ఎన్నిక అది. అంతటి ప్రవాహానికి ఎదురీదిన గెలుపునకు ఒకే కారణం చెప్పబూనడం సాహసమే; కాని పదమూడేళ్ల నాటి తప్పుతోపాటు, దానికి ఆయన చెల్లించిన మూల్యం కూడా ఆ ఓటర్లకు తెలుసు.

అదే సంవత్సరం జూలైలో సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. తన వేతనంలో 70 శాతం వదులుకొంటున్నట్లు ప్రకటించారు. 1982లో పదవీకాలం ముగియగానే అనంతపురానికి తిరిగి వచ్చారు. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.