పిక్‌ఫెయిర్ ఇల్లాలు మేరీ పిక్‌ఫర్డ్

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట పదిపన్నెండేండ్ల కాలము అమెరికాలోని లాస్ ఏంజెలిస్ ప్రాంతమునకు వచ్చిన దేశదేశముల ప్రముఖులలో పెక్కుమంది బెవర్లీ హిల్స్ కొండమీది ఒక ఇంటికి అతిథులుగా పోవలెనని ఉవ్విళ్లూరుచుండెడివారు. ఆ ఇంటి పేరు పిక్‌ఫెయిర్. అది రాజభవనము కాదు. తరతరముల జమీందారుల లోగిలి కాదు. ఒక నటుడును ఒక నటియు కాపురమున్న ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు మేరీ పిక్‌ఫర్డ్. మూకీ చిత్రముల కాలమున ఆమె బంగారు ఉంగరాల జుట్టును ఎరుగని సినిమా ప్రేక్షకుడు అరుదు.

ఆమె 1892 ఏప్రిల్ 8వ తేదీన కెనడా దేశమున టొరంటో నగరములో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు గ్లాడిస్ లూయీస్ స్మిత్. త్రాగుడు మరగి సంసారమును పట్టించుకొనని తండ్రి 1898లో మరణించెను. అప్పటికి ఆమెకు ఆరేండ్లు నిండలేదు. చెల్లెలు లాటీ, తమ్ముడు జాక్ ఇంకను పసివారు. తల్లి షార్లెట్ కుట్టుపనులు చేసి, ఇంటిలో గదులు అద్దెకిచ్చి పిల్లలను పోషించెను. అట్లు అద్దెకు దిగినవారిలో నాటక సమాజమునకు చెందిన వాడొకడు పిల్లలను రంగస్థలమునకు పంపుమని సలహా చెప్పెను. నాటకమనిన ఆనాటి మర్యాదస్థులకు గౌరవము లేదు. కాని ఆకలి ముందు మర్యాద ఎంతకాలము నిలువగలదు? 1900 సంవత్సరమున ‘ది సిల్వర్ కింగ్’ అను నాటకమున ఆ బాలిక తొలిసారి వేషము కట్టెను.

అది మొదలు తల్లియు, ముగ్గురు బిడ్డలును నాటక సమాజముల వెంట రైళ్లలో ఊరూర తిరుగుచుండిరి. చౌక బసలలో మకాము. ఆట ఆడిన వారమునకే జీతము. సమాజము ఎత్తివేసినచో నడివీధియే గతి. జబ్బుపడిన నటునకు దిక్కు లేదు. వృద్ధాప్యము వచ్చినచో అడుగువాడే లేడు. ఈ దృశ్యములు ఆమె మనస్సున నాటుకొనినవి. తరువాత కాలమున ఆమె జీతమును గూర్చి పట్టుపట్టి బేరమాడుట చూచి, ఇంత చిన్నపిల్లవలె కనబడు ఈమెకు ధనాశ యెక్కడిదని కొందరు నవ్విరి. అది ధనాశ కాదు, భయము.

ఆ సంచార జీవనము ఆమెకు గొప్ప స్నేహములను గూడ ప్రసాదించెను. తమవలెనే తండ్రి అండలేక తల్లితో తిరుగుచున్న లిలియన్, డొరొతీ గిష్ అను అక్కచెల్లెండ్రతో స్మిత్ కుటుంబము న్యూయార్కు నగరమున కొంతకాలము ఒకే ఇంట కాపురముండెను. తల్లు లిరువురును ఖర్చు పంచుకొనిరి. 1907లో సుప్రసిద్ధ నాటక ప్రయోక్త డేవిడ్ బెలాస్కో తన నాటకము ‘ది వారెన్స్ ఆఫ్ వర్జీనియా’లో ఆమెకు వేషమిచ్చి, మేరీ పిక్‌ఫర్డ్ అని క్రొత్త పేరు పెట్టెను. ఆ నాటకమున నటించిన సెసిల్ డిమిల్ పదేండ్ల తరువాత ఆమె చిత్రములకు దర్శకుడయ్యెను.

1909లో, చేతిలో నాటకము లేని సమయమున, ఆమె మనస్సొప్పకయే బయోగ్రాఫ్ కంపెనీ తలుపు తట్టెను. రంగస్థల నటులకు ఆనాడు చలనచిత్రమనిన చులకన. దర్శకుడు గ్రిఫిత్ రోజునకు 5 డాలర్లు ఇత్తుననగా, ఆ పదునేడేండ్ల పిల్ల 10 డాలర్లు అడిగి పుచ్చుకొనెను. ఆ కంపెనీ తన నటుల పేర్లను ప్రకటించెడిది కాదు. 1912లో గిష్ అక్కచెల్లెండ్రు ఒక చిత్రమున ఆమెను గుర్తుపట్టి, తమ గ్లాడిస్ స్మిత్‌ను వెదకుకొనుచు స్టూడియోకు వచ్చిరి. ఆమె వారిని గ్రిఫిత్‌కు పరిచయము చేసెను. అమెరికా చలనచిత్ర చరిత్రలో లిలియన్ గిష్ స్థానము తెలిసినవారికి ఈ పరిచయము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఆపై ఎదుగుదల అతివేగముగ సాగినది. 1916 నాటికి ఆమె వారమునకు 10,000 డాలర్ల జీతమును, లాభములలో సగమును సంపాదించెను. ప్రాణస్నేహితురాలు ఫ్రాన్సెస్ మేరియన్ ఆమెకు కథలు కూర్చెడిది. 1918లో చాప్లిన్, డగ్లస్ ఫేర్‌బాంక్సులతో కలిసి దేశము తిరిగి యుద్ధ ఋణపత్రములు విక్రయించెను. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ ముగ్గురును, గ్రిఫిత్‌ను చేరి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించిరి. నటులు తమ చిత్రములకు తామే యజమానులైరి.

1920 మార్చి 28న ఆమె ఫేర్‌బాంక్స్‌ను వివాహమాడెను. ఇరువురకును అది రెండవ పెండ్లి. విడాకులు పొందిన నటిని ప్రజలు వెలివేయుదురేమో యని ఆమె కలతపడెను. కాని లండను నగరమున జనసమ్మర్దమునుండి ఆమెను కాపాడుటకే భర్త తంటాలు పడవలసివచ్చెను.

ఇరువురి పేర్లలోని తొలి ముక్కలు కలిసి పిక్‌ఫెయిర్ అయినది. పొరుగుననే ఇల్లు కట్టుకొనిన చాప్లిన్ అక్కడ అతిథి కాడు, ఇంటివాడే. ఆ విందులలో మద్యము పోసెడివారు కారు. ఎంతటి అతిథి వచ్చినను భోజనపు బల్లవద్ద భార్య తన ప్రక్కనే కూర్చుండవలెనని ఫేర్‌బాంక్స్ పట్టు. ఐన్‌స్టీన్, హెచ్. జి. వెల్స్ వంటివారు ఆ ఇంట ఆతిథ్యము పొందిరి. మన దేశమునకు సంబంధించిన ముచ్చటలును కలవు. 1922లో క్రొత్త పెండ్లికొడుకుగా భార్య ఎడ్వినాతో అక్కడ విడిది చేసిన మౌంట్‌బాటన్, 1947లో మనకు కడపటి వైస్రాయిగా వచ్చినవాడే. అప్పుడు చాప్లిన్ ఆ దంపతులతో సరదాకై చిన్న చిత్రమొకటి తీసెను. 1932లో మౌనవ్రతమునందున్న మెహెర్ బాబాకు ఆ ఇంట స్వాగత సభ జరిగెను. మూకీ చిత్రముల రాణి ఇంటికి మాటలాడని అతిథి వచ్చుట విధి వినోదమే కదా!

ఇంతటి వైభవమునను బాల్యపు భయము ఆమెను వీడలేదు. 1921లో ఆమెయు, మిత్రులును చలనచిత్ర సహాయనిధి నొకదానిని నెలకొల్పిరి. జోసెఫ్ షెంక్ అధ్యక్షుడు, ఆమె ఉపాధ్యక్షురాలు. పని పోయిన నటునకు, జబ్బుపడిన పనివానికి అద్దె, మందు, తిండి సమకూర్చుట దాని పని. ధనికుల దయతో నడుచు నిధి ఎన్నినాళ్లు నిలుచును? టాకీలు వచ్చి వేలమంది ఉపాధి గోల్పోయినప్పుడు, ఆపై ఆర్థిక మాంద్యము చుట్టుముట్టినప్పుడు ఆ ప్రశ్న తప్పలేదు. 1932లో ఆమె ఒక పథకమునకు పూనుకొనెను. స్టూడియోలలో మంచి జీతము పొందువారు తమ జీతమున నూటికి అర్ధ భాగము, అనగా 200 డాలర్లకు ఒక డాలరు, నిధికి విడువవలెను. జీతము పుచ్చుకొనక ముందే ఆ సొమ్ము నిధికి చేరును. దానితో నిధికి స్థిరమైన రాబడి యేర్పడెను. 1940లో ఉడ్‌లాండ్ హిల్స్‌లో భూమి కొనిరి. 1942లో వృద్ధ కళాకారుల నివాసమును, 1948లో ఆసుపత్రియు వెలసినవి.

ఆమె సొంత ఇల్లు మాత్రము ఖాళీ అగుచుండెను. 1928లో తల్లి పోయెను. ఆ ఏడే ఆమె తన ప్రసిద్ధమైన కురులను కత్తిరించుకొనెను. తొలి టాకీ ‘కొకెట్’కు ఆస్కారు బహుమతి లభించినను, 1933 తరువాత ఆమె తెరపై కనబడలేదు. ఆ యేడు తమ్ముడు, 1936లో చెల్లెలు మరణించిరి. తల్లియు, తోబుట్టువులును ఎడబాయగా, ఫేర్‌బాంక్స్‌తో బంధము 1936లోనే విడాకులతో ముగిసెను. 1937లో నటుడు బడీ రోజర్స్‌ను పెండ్లాడి ఇద్దరు పిల్లలను పెంచుకొనెను. చాప్లిన్‌తో సంస్థ వ్యవహారములలో స్పర్థలు పెరిగినవి. 1955లో అతడును, మరుసటి ఏడు ఆమెయు తమ వాటాలను అమ్మివేసిరి.

తన చిత్రములను చూచి క్రొత్త తరము నవ్వునేమో యని, తనతోపాటు అవియు నశింపవలెనని ఆమె ఒకప్పుడు తలంచెను. వలదని నచ్చజెప్పినవారిలో లిలియన్ గిష్ ఒకతె. కడపటి యేండ్లలో తాగుడు తండ్రినివలె ఆమెనును పట్టినది. ఆమె తన గది దాటి వచ్చుట అరుదు. వచ్చినవారు ఇంటిలోని టెలిఫోనులో మాటలాడి మరలిపోవలసినదే. గదిలోనికి ప్రవేశము లభించిన కొద్దిమందిలో ఆ చిన్ననాటి నేస్తము ఉండెను.

1976లో గౌరవ ఆస్కారు బహుమతిని ఆమె ఇంటికే తెచ్చి యిచ్చిరి. 1979 మే 29న ఆమె మరణించెను. పిక్‌ఫెయిర్‌ను కొనినవారు 1990 ప్రాంతమున దానిని పడగొట్టి వేరొక భవనము కట్టుకొనిరి. ఉడ్‌లాండ్ హిల్స్‌లో సహాయనిధి నేటికిని వృద్ధ కళాకారులకు నీడనిచ్చుచున్నది.