కెప్టెన్ అమెరికా డాలు వెనక ఉన్న చెయ్యి



అవెంజర్స్ సినిమా చూసిన మర్నాడు మీ ఇంట్లో స్టీలు పళ్లెం గాల్లో ఎగిరిందా? హాల్లో ఏదైనా పగిలిందా? పిల్లల్ని కోప్పడే ముందు రెండు నిమిషాలు ఇది చదవండి. ఆ పళ్లెం వెనక జాక్ కిర్బీ అనే చిత్రకారుడి జీవితం ఉంది.

ఆయన అసలు పేరు జేకబ్ కర్ట్జ్‌బర్గ్. 1917 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేదల పేటలో పుట్టారు. తల్లిదండ్రులు ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. వీధిలో పిల్లల ముఠాల కొట్లాటలు మామూలే. జేకబ్ కూడా వాటిలో దెబ్బలు తిన్నారు, కొట్టారు. బొమ్మలు మాత్రం ఎవరూ నేర్పలేదు. పేపర్లలో వచ్చే కామిక్స్ చూసి దిద్దుకుంటూ తనంతట తానే నేర్చుకున్నారు. ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా వారానికే మానేశారు.

1940లో జో సైమన్‌తో కలిసి ఆయన కెప్టెన్ అమెరికాను సృష్టించారు. 1941 మార్చి తేదీతో వచ్చిన తొలి సంచిక ముఖచిత్రం మీద హీరో హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. పుస్తకం దాదాపు 10 లక్షల ప్రతులు అమ్ముడైంది. దాంతోపాటు నాజీ అభిమానుల బెదిరింపులూ వచ్చాయి. అయినా ఇద్దరూ పని ఆపలేదు.

ఆ సంచికలో హీరో డాలు గుండ్రంగా లేదు, మూడు మూలలతో ఉంది. అది తమ హీరో 'ది షీల్డ్' ఛాతీ మీది ఆకారంలాగే ఉందని మరో ప్రచురణ సంస్థ అభ్యంతరం చెప్పింది. దాంతో రెండో సంచిక నుంచి డాలు గుండ్రంగా మారింది. ఆ మార్పే కలిసొచ్చింది. గుండ్రటి డాలును చక్రంలా విసరొచ్చు! మూడో సంచికలో 18 ఏళ్ల స్టాన్ లీ రాసిన చిన్న కథలో హీరో డాలును విసిరాడు. కాపాడుకోవడానికి ఉన్న వస్తువు అలా విసిరే ఆయుధం కూడా అయింది. 2011లో వచ్చిన సినిమాలో హీరో స్టేజి మీద మొదట పట్టుకునేది మూడు మూలల డాలే. ఈసారి పిల్లలతో చూసినప్పుడు గమనించండి.

హిట్లర్‌ను కాగితం మీద కొట్టించిన కిర్బీ 1943లో తానే సైన్యంలో చేరాల్సి వచ్చింది. 1944 ఆగస్టులో నార్మండీ తీరంలో దిగారు. బొమ్మలు వేయగలరని తెలిసి, శత్రువులున్న చోటికి ముందుగా వెళ్లి మ్యాపులు గీసుకొచ్చే ప్రమాదకరమైన పని ఆయనకు అప్పగించారు. ఆ చలికాలంలో మంచుకు పాదాలు బాగా దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు.

తిరిగొచ్చి మళ్లీ పెన్సిల్ పట్టారు. 1964లో అవెంజర్స్ నాలుగో సంచికలో స్టాన్ లీతో కలిసి కెప్టెన్ అమెరికాను మళ్లీ తెచ్చారు. కానీ ఆ పాత్రల మీద హక్కులు కంపెనీవే. తాను గీసిన అసలు బొమ్మలు తిరిగి ఇమ్మని ఏళ్ల తరబడి అడగాల్సి వచ్చింది. వేల పేజీలు గీసిన మనిషికి 1987లో చేతికొచ్చినవి సుమారు 2,000 పేజీలు. 1994 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు. ఆయన కుటుంబానికి, కంపెనీకి మధ్య కోర్టు వివాదం 2014లో రాజీతో ముగిసింది.

ఈ నెల మీకో చిన్న పని. మీ పిల్లలు నోటుబుక్కు చివరి పేజీలో గీసిన బొమ్మ ఏదైనా ఉంటే పారేయకండి. దాని కింద వాళ్ల చేతే పేరు, తేదీ రాయించి దాచండి. తాము చేసిన పని తమదేనని చెప్పుకోవడం చిన్నప్పుడే అలవాటు కావాలి.

ఇక ఆ స్టీలు పళ్లెం సంగతి. ఒక అట్టముక్క, కాస్త రంగు ఇచ్చి చూడండి. డాలు వాళ్లే చేసుకుంటారు. మీ పళ్లాలు భద్రంగా ఉంటాయి!