రుద్రమదేవి స్మారకము - చిత్తురూపమున నుండవలసినవి

మహనీయులకు స్మారకశిల్పము నెత్తఁదలఁచువారు తొలుత కాగితముపై చిత్తురూపమును గీయుదురు. ఆ గీఁతలలోనే స్మారకము చరిత్రకు సాక్షియగునో, వీథికి వట్టి యలంకారమగునో తేలిపోవును. ఓరుగంటి రుద్రమదేవి యనఁగానే మన చిత్రకారులు అశ్వమును, ఖడ్గమును, నవయౌవనమును గీయుచున్నారు. ఆమె జీవిత మింతటితో ముగియునది కాదు.

గణపతిదేవ చక్రవర్తికిఁ బుత్రసంతానము లేకుండుటచే కూఁతురే రాజ్యభారమును వహించెను. పెక్కు శాసనములలో నామె రుద్రదేవ మహారాజను పురుషనామముతోఁ గానవచ్చుచున్నది. 1262 ప్రాంతమున నామె పాలన ప్రారంభమయ్యెను. దండెత్తివచ్చిన దేవగిరి యాదవరాజు మహాదేవుని నామె తఱిమికొట్టెను. తండ్రి యారంభించిన రాతికోటను బూర్తిచేసి, దానిచుట్టును మట్టికోటను, అగడ్తను నిర్మించెను.

ఆ కాలపు శిల్పులు మనకు దారి చూపియే యున్నారు. కోటలోని స్వయంభూదేవాలయమున రుద్రమ కట్టించిన రంగమండపపు శిల్పమొకటి, సింహము నెక్కి కత్తియు డాలును దాల్చిన వనితను జూపుచున్నది. శత్రురాజులను గజములకు సింహమని చాటు రాయగజకేసరి బిరుదమున కిది రూపమనియు, ఆ వనిత రుద్రమయే యనియుఁ బండితులు తలఁచుచున్నారు. వరంగల్లు చెంత బొల్లికుంటలో 2017లో వెలువడిన రెండు శిల్పములును ఆమెవే యని పురావస్తుశాఖవారు గుర్తించిరి. ఒకదాన నామె అశ్వారూఢ. రెండవదాన డస్సి యొరిగియున్నది, చెంత యమవాహనమగు మహిషము నిలిచియున్నది.

ఈ మహిషము వట్టి కల్పన కాదు. నల్లగొండ మండలమందలి చందుపట్ల శాసనము, రుద్రమయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుఁడును శివలోకము నందిరని 1289లోఁ జెప్పుచున్నది. కాయస్థ అంబదేవునితోడి పోరున వారు మడిసిరని చరిత్రకారుల యూహ. ఆమె వెనుక సింహాసన మెక్కినవాఁడు మనుమఁడు ప్రతాపరుద్రుఁడు. అనఁగా నామె కడసారి దండు వెడలినది యౌవనమునఁ గాదు, ముదిమియందు.

మఱియొక చిహ్నమును మఱవరాదు. గుంటూరు ప్రాంతపు 1261 నాఁటి మల్కాపుర శాసనము, ఆ తండ్రికూఁతులు విశ్వేశ్వరశంభువునకు గ్రామము లిచ్చిరనియు, ఆ యాదాయమున ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రము నడచుటకు నేర్పాటు జరిగెననియుఁ దెల్పుచున్నది.

మన బిడ్డలు చరిత్రగ్రంథమును విప్పకమునుపే కూడలిలోని విగ్రహమును జూతురు. అందు ఖడ్గమును మాత్రమే చూచినచో రాజ్యమనఁగా ఖడ్గమే యని తలంతురు. కావున రుద్రమ చేత ఖడ్గ ముండనిండు. వెనుక కోటగోడ యుండవలెను, పీఠముపై ప్రసూతిశాలయందలి తల్లీబిడ్డ లుండవలెను, శిరస్సున నెరసిన వెండ్రుక లుండవలెను.