మగన్‌లాల్ గాంధి - తెగిన పోగు వెల

కొడకండ్ల పద్మశాలీల యిండ్లలో మగ్గపు చప్పుడు నడుమ నడుమ ఆగుచుండును. పడుగున పోగు తెగినది. నేతగాడు వంగి కొనలు వెదకి, అతికి, అచ్చులో దూర్చి, మరల నేత సాగించును. ఆ నిముషములకు కూలి నిచ్చువారెవ్వరు? బట్టకింతయని బేరము ముందే ముగిసినది. పెద్ద కర్మాగారములలో నేడు కంప్యూటరు ఈ తిరుగుపనిని వేరు పద్దున వ్రాయుచున్నది: లోపమెక్కడ పుట్టెను, సవరించుట కెంతసేపు పట్టెను, కూలి యెంత ఆయెను. మగ్గమున కట్టి చిట్టా లేదు. కాని యా చిట్టాకు మూలమైన విచారణను నూరేండ్లనాడే చేపట్టిన పురుషుడు మగన్‌లాల్ గాంధి.

ఆయన 1883లో జన్మించెను. మహాత్మునకు వరుసకు అన్నకొడుకు. ధనార్జనకై 1903లో దక్షిణాఫ్రికా కేగి, వర్తకమును విడిచి ఫీనిక్సు ఆశ్రమమున జేరెను. అచ్చుపని యెన్నడు నెరుగనివాడు అక్షరములు కూర్చుటలో నిపుణుడాయెను. అచటి పోరాటమునకు పేరు కావలసివచ్చినపుడు సదాగ్రహమను మాటను సూచించినవాడితడే. గాంధీజీ దానిని సత్యాగ్రహముగా మార్చిరి.

1915లో అహమ్మదాబాదు చెంత ఆశ్రమము వెలసినపుడు నేతపని ఆయన పాలబడెను. మొదట మిల్లునూలే గతి. పిదప రాట్నము దొరికినది. దానిని బాగుచేసినవాడును ఆయనయే. 1921లో బెజవాడ సభ యిరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. మన సభలలో అంకెకున్న గౌరవము నాణ్యమునకు లేదు గదా! 1923లో కాకినాడ కాంగ్రెసున ఖద్దరు బోర్డు ఏర్పడగా, దాని సాంకేతికశాఖ మగన్‌లాలున కప్పగింపబడెను. మరుసటియేట కాంగ్రెసు ప్రతినిధులు నెలకు 2,000 గజముల నూలు వడికి పంపవలెనన్న నియమము వచ్చెను. సబర్మతికి చేరిన నూలు పరీక్షకు లోనాయెను.

ఆ పరీక్షలోనే విషయమంతయు నున్నది. 840 గజముల చిలపలు పౌనున కెన్ని తూగునో అదియే నూలు నంబరు. నంబరొక్కటి చాలదు, పోగు సమముగ నుండవలెను, లాగిన నిలువవలెను. పింజెలో చెత్త మిగిలిన, ఏకు సరిగా చుట్టకున్న, పురి తగ్గిన, వడుకువాడు నిముషము మిగుల్చుకొనును. నేతగాడు పది నిముషములు పోగొట్టుకొనును. చిట్టాలో మాత్రము నేతగాడు మందుడని తేలును! తప్పు ఒకచోట, దండుగ వేరొకచోట. అందుచేత మగన్‌లాలు మగ్గమునొద్ద నిలువక వెనుకకు నడచి రాట్నమును, ఏకును, దూదిని పట్టి చూచెను. 1924లో రాట్నమునుగూర్చి చరఖాశాస్త్రమును, 1926లో రిచర్డు గ్రెగ్గుతో గలసి తకిలీపై పుస్తకమును ప్రకటించెను. కారణమును వెదకని తనిఖీ నిందకే కొరగాని సవరణకు కొరగాదని ఆయన పనితీరే తెలుపుచున్నది.

1928 ఏప్రిలు 23న, నలుబదియైదేండ్లకే, పాట్నాలో మరణించెను. 1938లో వార్ధాలో ఆయన పేర మగన్ సంగ్రహాలయము నెలకొల్పబడెను.

కొడకండ్ల నేతవారిలో ననేకులు భివండికి, సూరతునకు వలసపోయిరి. మిగిలినవారికి నూలిచ్చు షావుకారో సంఘమో వారమున కొకపూట మగ్గముప్రక్క గూర్చుండి, తెగిన పోగులెన్నియో, అతుకుట కెంతసేపు పట్టెనో, ఆ నూలు ఏ కట్టలోనిదో వ్రాసికొనవచ్చును. కూలిబేరము ఆ కాగితమును ముందిడుకొని సాగవచ్చును.