రహీము మాష్టరుగారు

ఆబిడ్సు, నాంపల్లి వీథులనుండి లాల్ బహదూరు స్టేడియమునకు, అనగా పూర్వపు ఫతే మైదానమునకు, నడచిపోవు బాలురలో డ్రిబ్లింగున మేటి యెవ్వరను వాదము పుట్టక మానదు. బంతిని పాదమున కంటియుంచి ప్రత్యర్థులను తప్పించుకొనిపోవు ఆ విద్యపై సయ్యద్ అబ్దుల్ రహీముగారి యభిప్రాయము వేఱు.

1909లో జన్మించిన వీరు వృత్తిచే ఉపాధ్యాయులు. చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాలలోను పాఠములు చెప్పిరి. వీరి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా 5 మారులు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. డ్రిబ్లింగు నిషిద్ధమైన పందెములను, బలము తక్కువైన కాలితోనే ఆడవలసిన పందెములను వీరు నడిపిరి. ఒక్కడే బంతితో తిరుగుచుండిన ఎదుటివారికి సర్దుకొను వ్యవధి చిక్కును. మనిషి పరుగుకంటె బంతి పరుగే వేగము. మన నేర్పరులకీ మాట రుచింపదేమో! అట్లని ఆ విద్యను వీరు ద్వేషింపలేదు. బంతిని ఆడించుటలో పేరుగన్న సికింద్రాబాదు తులసీదాసు బలరాముని చేరదీసి తీర్చిదిద్దినది వీరే.

1952లో హెల్సింకి ఒలింపిక్సున మన జట్టు యుగోస్లావియా చేత 10–1 గోలులతో ఓడెను. 1956లో మెల్బోర్నున నాలుగవ స్థానము నందెను. 1962లో క్యాన్సరు దేహమును క్షీణింపజేయుచుండగనే రహీముగారు జట్టుతో జకార్తాకు వెళ్లిరి. ఆసియా క్రీడలలో తలకు గాయమైన రక్షకుడు జర్నైలు సింగును ముందువరుసకు మార్చిరి. తుదిపోరున దక్షిణ కొరియాపై 2–1తో గెలువగా, అందొక గోలు అతనిదే.

1963 జూన్ 11న రహీముగారు కన్నుమూసిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము ఆపైని మన దేశమునకు దక్కలేదు.