కల చెప్పేది మన గురించే: కార్ల్ యూంగ్ జీవితం

మా ఇంట్లో పొద్దున్న కాఫీతో పాటు కలల విచారణ కూడా ఉంటుంది. పన్ను ఊడినట్టు కలొస్తే ఎవరికో కీడు అంటుంది అమ్మమ్మ. పాము కనిపిస్తే సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకోమంటుంది. నాన్నగారి వైపు ఒడియా వాళ్ళు, అక్కడ జేజెమా చెప్పే అర్థాలు వేరు. ఒకే కలకి రెండు భాషల్లో రెండు అర్థాలు విని పెరిగాను. అయితే ఇద్దరి లెక్కలోనూ కల అంటే రేపు జరగబోయేదే. కాదు, కల చెప్పేది కన్నవాళ్ళ గురించే అని జీవితమంతా పట్టుబట్టిన ఒక డాక్టరు ఉన్నాడు. ఈసారి ఆయన గురించి రాస్తున్నాను.

కార్ల్ గుస్తావ్ యూంగ్ 1875 జులై 26న స్విట్జర్లాండ్‌లోని కెస్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. తల్లికి ఆరోగ్యం బాగాలేక, ఈయన పసివాడుగా ఉన్నప్పుడే కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉండిపోయింది. ఆ వయసులోనే ఒక కల వచ్చింది. పచ్చిక బయల్లో ఒక గొయ్యి, రాతి మెట్లు, కిందికి దిగితే ఆకుపచ్చ తెర. తెర వెనక బంగారు సింహాసనం, దాని మీద చెట్టు మొద్దులా నిలబడ్డ ఏదో ఆకారం, నెత్తిన ఒకే ఒక్క కన్ను. హడలిపోయి లేచాడు. ఈ కలని అరవై అయిదేళ్ళ వయసు దాకా ఎవరికీ చెప్పలేదు.

బాసెల్‌లో వైద్యం చదివి, 1900 డిసెంబరులో జూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ మానసిక వైద్యశాలలో చేరాడు. పిచ్చిమాటలని అందరూ తోసేసే రోగుల మాటల్ని కూర్చుని వినేవాడు. వాటి వెనక ఒక్కో మనిషి కథ ఉంటుందని తెలుసుకున్నాడు. 1903లో ఎమ్మాని పెళ్ళి చేసుకున్నాడు, అయిదుగురు పిల్లలు.

1907లో వియన్నాలో ఫ్రాయిడ్‌ని కలిశాడు. మొదటిరోజే పదమూడు గంటలు మాట్లాడుకున్నారట. 1909లో ఇద్దరూ కలిసి అమెరికా వెళ్తూ ఓడలో ఒకరి కలలు ఒకరికి చెప్పుకునేవారు. యూంగ్‌కి ఒక ఇల్లు కలలోకి వచ్చింది. పై అంతస్తు కొత్తది, కింది అంతస్తు ఇంకా పాతది, దాని కింద రోమన్ కాలపు నేలమాళిగ, ఇంకా దిగితే గుహ, అందులో ఎముకలు, రెండు పుర్రెలు. ఆ పుర్రెలు ఎవరివని ఫ్రాయిడ్ గుచ్చి గుచ్చి అడిగాడు. ఆయన్ని నొప్పించడం ఇష్టంలేక యూంగ్ నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు, భార్యవీ మరదలివీ అని. తనకి మాత్రం ఆ ఇల్లు మనిషి మనసులా కనిపించింది. మన సొంత జ్ఞాపకాల కింద మనుషులందరికీ ఉమ్మడిగా ఉండే ఇంకో పొర ఉందనుకున్నాడు. దానికే తర్వాత సామూహిక అచేతనం అని పేరు పెట్టాడు.

1913కల్లా ఇద్దరి స్నేహం తెగిపోయింది. ఆ డిసెంబరులో ఇంకో కల. తెల్లవారుజామున కొండల్లో ఒక ఆటవిక మనిషితో కలిసి, జర్మన్ పురాణవీరుడు సీగ్‌ఫ్రీడ్‌ని కాల్చి చంపుతాడు. లేచాక, దీని అర్థం తెలియకపోతే ఇక బతకలేనన్నంత భయం పట్టుకుంది. ఆలోచించగా ఆలోచించగా తెలిసింది, ఆ వీరుడు ఎవరో కాదు, తనే. అన్నీ తన ఇష్టప్రకారమే జరగాలనే తన పట్టుదలే చావాల్సి వచ్చింది.

ఆ తర్వాత తన కలల్ని, ఊహల్ని నోటుపుస్తకాల్లో రాసుకుని, బొమ్మలు వేసుకుని, వాటిని ఒక పెద్ద ఎర్ర పుస్తకంలోకి ఎక్కించాడు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పని అచ్చయింది 2009లో, ఆయన పోయిన చాలా ఏళ్ళకి.

ఆయన పద్ధతిలో ఒక కలకి ఒకే అర్థం అంటూ ఉండదు. కలలో కనిపించింది నీకు ఏం గుర్తు తెస్తోంది అని అడగాలి. పగలు మనం పక్కకి నెట్టేసింది రాత్రి కలలో తిరిగొస్తుందని, ఒక్క కల కాకుండా వరసగా కొన్ని చూస్తేనే తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఇంత తెలిసినాయన ఇంట్లో మాత్రం ఎమ్మాని బాధపెట్టాడు. తన దగ్గర చికిత్సకి వచ్చి, తర్వాత తనతో పనిచేసిన టోనీ వూల్ఫ్‌తో ఏళ్ళ తరబడి సంబంధం పెట్టుకున్నాడు. అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తనని తాను తెలుసుకోవడం వేరు, పక్కవాళ్ళ నొప్పి తెలుసుకోవడం వేరు అనిపించింది.

1937 చివర్లో సైన్సు కాంగ్రెస్ కోసం మన దేశం వచ్చాడు. ఆ ప్రయాణంలోనే మన కోణార్క్ కూడా చూశాడు. రమణ మహర్షి అప్పుడు తిరువణ్ణామలైలోనే ఉన్నా వెళ్ళలేదు. ఇంకొకరి సత్యం అరువు తెచ్చుకోకూడదు, తనది తనే వెతుక్కోవాలి అనుకున్నాడు. కలకత్తాలో విరేచనాలు పట్టుకుని పది రోజులు ఆసుపత్రిలో పడ్డాడు. కోలుకున్నాక కల వచ్చింది. ఇంగ్లండు పక్కన ఒక దీవి, ఒక పవిత్ర పాత్ర కోసం చలిలో ఒంటరిగా ఈది అవతలికి వెళ్ళాలి. నీ పని ఇక్కడ కాదు, మీ దగ్గరే ఉంది అని కల చెప్పినట్టు అర్థం చేసుకున్నాడు.

1944లో గుండెజబ్బుతో చావుదాకా వెళ్ళొచ్చాడు. తర్వాత ఒక చిన్న గుడిలో యోగి ధ్యానం చేస్తున్నట్టు కల. దగ్గరికెళ్ళి చూస్తే ఆ ముఖం తనదే. 1961 జూన్ 6న కూస్నాఖ్ట్‌లో తన ఇంట్లోనే పోయాడు.

ఇక నా సంగతి. కాలేజీ ఫంక్షన్లో తెలుగులో మాట్లాడాలని స్టేజీ ఎక్కుతాను, నోరు తెరిస్తే అంతా ఒడియా వస్తుంది. ఈ కల నాకు మూడుసార్లు వచ్చింది. దిష్టి అంది అమ్మమ్మ. యూంగ్ అడిగినట్టు నన్ను నేను అడిగి చూశాను. మొదటి సంవత్సరమంతా నాన్న ఫోన్ చేస్తే వరండా చివరికి వెళ్ళి మాట్లాడేదాన్ని. నేను సగం తెలుగమ్మాయినే అని మీరు అనుకుంటారేమోనని. పగలు నేను వరండాలో దాచింది రాత్రి స్టేజీ ఎక్కుతోంది, అంతే.

ఇప్పుడు క్లాసు ముందే నిలబడి నాన్నతో మాట్లాడుతున్నాను. మళ్ళీ కల వస్తే అమ్మమ్మకీ చెబుతాను, నోటుపుస్తకంలోనూ రాసుకుంటాను.

ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని