నందనూరు నుంచి న్యూయార్క్ దాకా: కృష్ణారెడ్డి గారి జీవితం

పాత చిత్తూరు జిల్లా పేరు చెప్పగానే ఎవరికైనా తిరుమల కొండ, కాణిపాకం వినాయకుడు, శ్రీకాళహస్తి కలంకారీ గుర్తుకొస్తాయి. అదే జిల్లాలోని నందనూరు అనే పల్లెలో పుట్టిన కృష్ణారెడ్డి గారి పేరు ప్రపంచంలో ప్రింట్ మేకింగ్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ తెలుసు. పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ అందరికీ తెలిసిన ఆ పేరు మన ఊళ్ళలో వినిపించేది తక్కువ. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని మేము అనుకున్నాం.

దీనికి కారణం ఉంది. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా మన హాస్టల్ గదుల్లో ఒకే చర్చ జరుగుతుంది. చేరిన కోర్సు ఒకటి, మనసు పడింది ఇంకొకటి. మారితే ఇంతకాలం చదివింది వృథా అవుతుందేమోనని భయం. స్కాలర్‌షిప్ లెక్క ఏమవుతుందో, ఇంట్లో ఏమంటారో అని దిగులు. కూలికి పోయి మనల్ని చదివిస్తున్న అమ్మానాన్నల ముందు ఆ మాట ఎత్తడమే కష్టం. పరాయి దేశంలో చదువుకుంటూ తన దారి మార్చుకున్న ఒక మనిషి ఏం చేశాడో తెలుసుకుంటే, మనకూ ఆలోచించుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

బాల్యం, చదువు

కృష్ణారెడ్డి గారు 1925 జూలై 15న పుట్టారు. పదహారేళ్ళ వయసులో, 1941లో, బెంగాల్‌లోని శాంతినికేతన్‌కు వెళ్ళి కళాభవన్‌లో చేరారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కన్నుమూసింది ఆ ఏడాదే. నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ వంటి గురువులు అప్పుడు అక్కడ ఉన్నారు. క్విట్ ఇండియా ఉద్యమం 1942లో, బెంగాల్ కరువు 1943లో వచ్చాయి. దేశమంతా అట్టుడికిపోతున్న ఆ కాలంలో ఆయన బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. చెట్టును గీయాలంటే ముందు ఆ చెట్టు ఎలా పెరుగుతుందో గమనించాలన్నది శాంతినికేతన్ చదువు పద్ధతి. ఆ అలవాటు ఆయనను చివరిదాకా వదల్లేదు.

1946లో అక్కడి చదువు పూర్తయింది. 1947 నుంచి 1949 దాకా మద్రాసులోని కళాక్షేత్రలో చిత్రకళా విభాగానికి పెద్దగా పనిచేశారు. శిల్పం మీద ఆసక్తి పెరిగింది ఆ రోజుల్లోనే. ఇరవై నాలుగేళ్ళు నిండేసరికి గౌరవమైన ఉద్యోగం చేతిలో ఉంది. అక్కడే ఉండిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆయన 1949లో లండన్ ప్రయాణం కట్టారు.

శిల్పం కోసం వెళ్ళి...

లండన్‌లోని స్లేడ్ కళాశాలలో ఆయన చేరింది శిల్పం నేర్చుకోవడానికి. ప్రసిద్ధ శిల్పి హెన్రీ మూర్ దగ్గర శిక్షణ పొందారు. మరుసటి ఏడాది పారిస్ వెళ్ళి అక్కడ జాడ్‌కిన్ అనే శిల్పి దగ్గర చదువు కొనసాగించారు. అప్పటికి ఆయన దారి స్పష్టంగానే ఉంది. శిల్పి కావాలి, అంతే.

ఆ దారి మలుపు తిరిగింది పారిస్‌లోనే. ఆ నగరంలో అటెలియే 17 అని ఒక వర్క్‌షాప్ ఉండేది. 1927లో దాన్ని స్థాపించిన స్టాన్లీ విలియమ్ హేటర్ అనే ఆంగ్లేయుడి కథ కూడా మనకు పనికొచ్చేదే. ఆయన చదివింది రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు కంపెనీలో ఉద్యోగం చేసి, అది మానుకుని కళలోకి వచ్చారు. యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలిపోయిన ఆ వర్క్‌షాప్‌ను 1950లో మళ్ళీ పారిస్‌కు తెచ్చారు. పికాసో, మీరో వంటి మహామహులు పనిచేసిన చోటు అది. అక్కడ లోహపు రేకు మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితం పరిచి, ప్రెస్సులో నొక్కి బొమ్మ తీసేవారు.

కృష్ణారెడ్డి గారు అక్కడ ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టారు. శిల్పి చేతికి ఉలి అలవాటే. రాయికి బదులు ఇప్పుడు జింకు రేకు, రాగి రేకు ఎదురుగా ఉన్నాయి. మిగతావాళ్ళు రేకును కాగితంలా చూసి దాని మీద గీతలు గీస్తే, ఆయన దాన్ని చిన్న శిలాఫలకంలా చూశారు. లోతుగా కొంత, మధ్యస్థంగా కొంత, పైపైన కొంత, ఇలా మెట్లు మెట్లుగా చెక్కారు. ఆయన దారి మార్చుకున్న మాట నిజమే. కానీ పాత చదువును గుమ్మం బయట వదిలిపెట్టి రాలేదు, చేతుల్లో పెట్టుకునే వచ్చారు. ఆయన గెలుపంతా ఇందులోనే ఉందని మాకు అనిపిస్తుంది.

ఒకే రేకు, ఎన్నో రంగులు

ఆ రోజుల్లో రంగుల ప్రింటు తీయాలంటే మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి. ఒకే కాగితాన్ని వాటి మీద ఒకదాని తర్వాత ఒకటిగా వేసి నొక్కాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ చెడిపోతుంది. ఈ కష్టానికి అటెలియే 17లో విరుగుడు దొరికింది. హేటర్ నడిపిన ఆ ప్రయోగాల్లో ముందు నిలిచిన ఇద్దరూ మన దేశస్థులే. ఒకరు కృష్ణారెడ్డి గారు, రెండోవారు బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ. చిత్రమేమిటంటే మోతీ కూడా స్లేడ్ కళాశాలలో చదివినవారే.

ఆ కిటుకు మనకూ తెలిసిన విషయమే. జిడ్డు పట్టిన కంచం మీద నీళ్ళు పోస్తే అంటవు, జారిపోతాయి. సిరాలో అవిసె నూనె ఎక్కువ కలిపితే పలచన అవుతుంది, తక్కువ కలిపితే జిగటగా ఉంటుంది. ముందు లోతు గీతల్లో ఒక రంగు నింపి పైన తుడిచేస్తారు. తర్వాత నూనె ఎక్కువున్న సిరాను గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది ఎత్తు భాగాలకు మాత్రమే అంటుకుంటుంది. ఆపైన జిగట సిరాను మెత్తని రోలర్‌తో దొర్లిస్తారు. ఆ రోలర్ పల్లాల్లోకి కూడా దిగుతుంది. నూనె సిరా ఉన్న ఎత్తుల మీద జిగట సిరా నిలవదు, పల్లాల్లో నిలుస్తుంది. ఇలా ఒకే రేకు మీద అన్ని రంగులూ దేని చోట అది కుదురుకుంటాయి. ఒక్కసారి ప్రెస్సులో నొక్కితే చాలు, రంగుల బొమ్మ బయటికొస్తుంది. దీనికే విస్కాసిటీ ప్రింటింగ్ అని పేరు.

శ్రీకాళహస్తిలో కలంకారీ చూసిన మిత్రులకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ పటిక నీళ్ళతో రాసిన చోట బట్ట ఎరుపు రంగును పట్టుకుంటుంది, రాయని చోట పట్టుకోదు. పద్ధతులు వేరైనా ఏ రంగు ఎక్కడ నిలవాలో పదార్థమే తేల్చడం రెండింటిలోనూ ఉంది.

ఆ పద్ధతిలో కృష్ణారెడ్డి గారు తీసిన బొమ్మల్లో 1952 నాటి ‘చేప’, 1963 నాటి ‘అల’, ‘సుడిగుండం’ పేరు పొందాయి. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు, కార్మికులు కదం తొక్కినప్పుడు ‘నిరసనకారులు’ చేశారు. 1981లో ‘బఫూన్’ చేశారు. ఆ ఒక్క రేకు నుంచే రంగులు మార్చి మార్చి ఎన్నో రకాల ప్రింట్లు తీశారు.

గురువుగా

విద్యార్థిగా అడుగుపెట్టిన అటెలియే 17కే 1960లలో ఆయన సహ సంచాలకులయ్యారు. మధ్యలో ఇటలీలోని మిలాన్ వెళ్ళి మరీనో మరీని దగ్గర శిల్పం చదివారు. శిల్పాన్ని ఆయన వదిలిపెట్టలేదనడానికి ఇదే సాక్ష్యం. భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్ళి స్థిరపడ్డారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి ప్రింట్ మేకింగ్ బోధించారు. కనిపెట్టిన రహస్యాన్ని దాచుకోకుండా దేశదేశాలు తిరిగి వర్క్‌షాపులు పెట్టి నేర్పారు. 1988లో పుస్తకంగా కూడా అచ్చువేశారు. 2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి పనినీ కలిపి ప్రదర్శన పెట్టింది. 2018 ఆగస్టు 22న, 93 ఏళ్ళ వయసులో, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. 2025 నాటికి ఆయన పుట్టి నూరేళ్ళు నిండాయి.

మనం నేర్చుకోవలసింది

ఆయన పరిస్థితి, మన పరిస్థితి ఒకటేనని మేము అనడం లేదు. మనకు ఒక ఏడాది పోతే ఇంట్లో ఒక పూట పొయ్యి వెలగకపోవచ్చు. కాబట్టి ఉన్న కోర్సు మానేసి రమ్మని ఏ తమ్ముడికీ, ఏ చెల్లెలికీ చెప్పం. ఆయన కూడా తొందరపడి దూకలేదు. ఒక చదువు పూర్తి చేశారు, ఉద్యోగం చేశారు, రెండో విద్యలో ఉంటూ మూడోదాన్ని పట్టుకున్నారు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ నేర్చుకున్నవాడికి, ఇంట్లో మగ్గం మీద చెయ్యి తిరిగినవాడికి, చెప్పులు కుట్టే ఇంట్లో తోలు గుణం తెలిసినవాడికి డిజైన్ కొత్త విద్య కాదు. అది వాళ్ళు ఇప్పటికే సగం నేర్చుకున్న విద్య.

దారులు కూడా దగ్గరికొచ్చాయి. తిరుపతిలోనే టీటీడీ వారి సంప్రదాయ శిల్పకళా శిక్షణ సంస్థ ఉంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2015లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది. వీటి ప్రవేశ పరీక్షల గురించి నోటీసు బోర్డులో పెట్టమని వార్డెన్ గారిని అడగండి. పూర్వ విద్యార్థులారా, ఈ రంగాల్లో మీకు తెలిసిన వాళ్ళుంటే ఒక ఆదివారం హాస్టల్‌కు తీసుకురండి.

నందనూరు చిత్తూరుకు దూరమేమీ కాదు. అక్కడి కుర్రవాడు చెక్కిన రేకుల నుంచి తీసిన బొమ్మలు ఈనాడు ప్రపంచ మ్యూజియంలలో ఉన్నాయి. నేర్చుకున్నది ఏదీ వృథా పోదని ఆయన జీవితం చెబుతోంది. ఆ ధైర్యంతోనే మన పుస్తకం మనం తెరుద్దాం.